స్పూల్ టేప్ రికార్డర్: తప్పు మిషనుదా, లెక్కదా?

అటక మీంచి దించిన పాత టేపు పెడితే ఎడమ స్పీకర్లో మనిషి మాట మామూలుగానే వస్తుంది. కుడి స్పీకర్లో మాత్రం ఎవరో తెలియని భాషలో వెనక్కి వెనక్కి గొణుగుతున్నట్టుంటుంది. ఇంకో టేపు పెడితే నిండుగా ఉండాల్సిన గొంతు పిచ్చుక గొంతైపోతుంది. మూడో టేపులో పాట కింద ఇంకో పాట. చాలామంది ఇక్కడే మిషను పాడైందని తేల్చేసి మెకానిక్ కోసం వెతుకుతారు. మొదటి రెండింట్లో మిషను తప్పేమీ లేదు. మూడోదాంట్లో ఉండొచ్చు, లేకపోవచ్చు.

క్యాసెట్‌కు అలవాటుపడ్డ చేతికి ఇది వింతే. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్‌లో వేగం ఒక్కటే, ట్రాకుల (టేపు మీద రికార్డింగు పడే దారుల) అమరికా ముందే తేల్చేసినదే. ఎక్కడ రికార్డు చేసిందైనా ఎక్కడైనా ఆడుతుంది. అంతకుముందు ఇళ్లలో, బడుల్లో తిరిగిన స్పూలు టేపులో మార్పులేనిది వెడల్పు ఒక్కటే: పావు అంగుళం. వేగం, ట్రాకులు, మందం, ఆఖరికి గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు తీరు కూడా మిషను మిషనుకూ మారేవి. అందుకని వోలెన్సాక్, గ్రుండిగ్, ఊహర్, టాండ్‌బర్గ్, సోనీ, అకాయ్‌లలో ఏది చేతికొచ్చినా ముందు స్క్రూడ్రైవర్ తీయకండి, చెవి పెట్టండి. వినిపించే తప్పును బట్టే ఏ లెక్క తప్పిందో చాలావరకు తెలిసిపోతుంది.

వేగం లెక్క

ఇళ్లలో వాడిన వేగాలు ముఖ్యంగా మూడు: సెకనుకు 7½, 3¾, 1⅞ అంగుళాలు. యూరప్ మిషన్ల మీద ఇవే 19, 9.5, 4.75 సెంటీమీటర్లుగా రాసి ఉంటాయి. ఒక్కోటి దాని ముందుదానిలో సగం కాబట్టి వేగం మీట తప్పుగా పెడితే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి మారుతుంది. మధ్యస్థాయిలో పాడింది తారస్థాయికి ఎక్కుతుంది, లేకపోతే మంద్రానికి దిగుతుంది. ఇలా అయితే మీట మార్చుకుంటే సరిపోతుంది.

ఒక స్పూలు ఎంతసేపు ఆడుతుందో తేల్చడం సులువు. అడుగుల్లో పొడవును 12తో హెచ్చవేసి వేగంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. 7 అంగుళాల స్పూలుకు మామూలు టేపు 1200 అడుగులు పడుతుంది. అది 7½ వేగంలో 32 నిమిషాలు, 3¾లో 64 నిమిషాలు. డబ్బా మీద లాంగ్ ప్లే అని ఉంటే 1800 అడుగులు, డబుల్ ప్లే అయితే 2400. స్పూలు పెరగలేదు, టేపు పలచబడిందంతే. మామూలు టేపు మందం 52 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), లాంగ్ ప్లే 35, డబుల్ ప్లే 26. బడిలో రోజూ వెనక్కీ ముందుకూ తిప్పే పాఠానికి పలచని టేపు వాడకూడదు. బ్రేకులు కొంచెం గట్టిగా పడితే సాగిపోతుంది.

వేగం తగ్గించి టేపు ఆదా చేస్తే పోయేదేమిటి? 10,000 హెర్ట్జ్ ధ్వని 7½ వేగంలో టేపు మీద 19 మైక్రాన్ల నిడివిలో పడుతుంది, 3¾లో 9.5 మైక్రాన్లలో, 1⅞లో 5 మైక్రాన్ల లోపులో. టేపును తాకి చదివే హెడ్డులో ఉండే సన్నని చీలిక కొన్ని మైక్రాన్ల వెడల్పు ఉంటుంది. ధ్వని నిడివి ఆ చీలిక దగ్గరికి కుంచించుకుపోయే కొద్దీ హెడ్డు దాన్ని పట్టుకోలేదు. మాటల్లో ముందుగా పోయేవి స, శ, ష. వీటి బలమంతా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. ఉచ్చారణ నేర్పే పాఠాన్ని 1⅞లో రికార్డు చేస్తే ఏ విద్యార్థి శకారం తప్పిందో ఉపాధ్యాయుడికే తెలియదు. అలాంటి పాఠానికీ సంగీతానికీ 7½, ఉపన్యాసానికి 3¾, ఎవరు ఏమన్నారో తెలిస్తే చాలనుకునే సమావేశానికి 1⅞ సరిపోతాయి.

అమెరికా మిషను, మన కరెంటు

అసలు చిక్కుముడి ఇది. అమెరికా ఇళ్ల కోసం చేసిన మిషను 117 వోల్టులు, 60 హెర్ట్జ్ మీద నడుస్తుంది. మనకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి దిగుతుంది, ఫ్రీక్వెన్సీ మాత్రం అలాగే ఉంటుంది. ఆ కాలపు ఇంటి మిషన్లలో చాలావాటి మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకునే తిరుగుతుంది. కాబట్టి మిషను ఆరింట అయిదు వంతుల వేగంతోనే నడుస్తుంది. అమెరికాలో సరిగ్గా రికార్డయిన టేపును దానిమీద వేస్తే శ్రుతి మూడు స్వరస్థానాలు దిగుతుంది, గంట ఉపన్యాసం 72 నిమిషాలు పడుతుంది. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ మామూలుకన్నా ఎక్కువ వేడెక్కుతాయి కూడా.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది దీని రెండో సగం. అదే మిషను మీద ఇక్కడే రికార్డు చేసి ఇక్కడే వింటే తేడా ఏమీ వినిపించదు, ఎందుకంటే రెండుసార్లూ వేగం ఒకేలా తక్కువ. ఏళ్లతరబడి అలా విన్న టేపును ఇప్పుడు సరైన వేగంతో తిరిగే మంచి మిషను మీద వేసేసరికి గొంతు 20 శాతం వేగంగా, మూడు స్వరస్థానాలు పైకి వస్తుంది. మంచి మిషన్నే అనుమానిస్తారు.

దీన్ని పట్టించే ఆనవాలు టేపులోనే ఉంటుంది. పాత వాల్వు (గాజు వాక్యూమ్ గొట్టాల) మిషన్ల రికార్డింగుల్లో వెనకాల సన్నగా గుయ్‌మనే మోత వినిపిస్తుంటుంది, కరెంటు లైను నుంచి చొరబడ్డది. కంప్యూటర్లో ఏ ఉచిత సౌండ్ ఎడిటర్‌తోనైనా దాని ఫ్రీక్వెన్సీ చూడొచ్చు. మన దేశంలో చేసిన రికార్డింగులో అది 50 దగ్గర కాకుండా 60 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తే, ఆ టేపు తక్కువ వేగంతో రికార్డయిందని అర్థం. వేగాన్ని 0.8333తో హెచ్చవేస్తే గొంతు చోటికి వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇప్పుడు ఆడించే మిషను సొంత మోత కూడా 50 దగ్గర కలుస్తుంది. టేపు ఆపి మిషను మోత ఒక్కదాన్నీ ముందు రికార్డు చేసుకుంటే ఏది ఏదో తేలుతుంది.

మిషన్నే మార్చాలంటే మోటారు షాఫ్టు మీది పుల్లీ వ్యాసం 1.2 రెట్లు కావాలి. 10 మిల్లీమీటర్లు ఉంటే 12. లేత్ పని తెలిసిన టర్నర్ ఇత్తడితో చేసిపెడతాడు. నడిమధ్య రంధ్రం వెంట్రుక వాసి పక్కకు జరిగినా గొంతు ఊగుతుంది కాబట్టి పాత పుల్లీని ఇచ్చి కొలవమనాలి. యూరప్ మిషన్లకు ఈ బాధ లేదు. బ్యాటరీ మోటారుతో నడిచే ఊహర్ 4000 రిపోర్ట్, మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్స్‌తో నిలిపే రివాక్స్ ఏ77 కూడా ఫ్రీక్వెన్సీని పట్టించుకోవు. కొన్ని జపాన్ మిషన్లలో 50, 60 మధ్య మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. ముందు మిషను అడుగునున్న పలక మీద చూడండి.

ట్రాకులు: ఒక టేపు మీద ఎన్ని దారులు

పావు అంగుళం వెడల్పును రోడ్డులా ఊహించండి. హాఫ్ ట్రాక్ మోనో (ఒకే చానెల్) మిషను పై సగంలో ఒకవైపు వెళ్తుంది. స్పూలు తిరగేస్తే కింది సగం పైకి వస్తుంది, దానిమీద ఎదురు దిశలో రెండో రికార్డింగు పడుతుంది. అమెరికా బడుల్లో విరివిగా వాడిన వోలెన్సాక్ టీ-1500 ఇలాంటిదే. క్వార్టర్ ట్రాక్ స్టీరియోలో రోడ్డు నాలుగు దారులవుతుంది, ఒక్కోటి సుమారు ఒక మిల్లీమీటరు. పైనుంచి 1, 3 ముందుకు. 2, 4 తిరగేసినప్పుడు.

మొదట్లో చెప్పిన ఎడమ సరి, కుడి తిరగబడిన మాట ఇక్కడి సంగతే. రెండువైపులా రికార్డయిన హాఫ్ ట్రాక్ మోనో టేపును క్వార్టర్ ట్రాక్ స్టీరియో మిషను మీద వేశారు. హెడ్డులో పై భాగం మొదటి దారిని చదువుతుంది, అది పై సగంలోనే ఉంది కాబట్టి మాట సరిగ్గా వస్తుంది. కింది భాగం మూడో దారిని చదువుతుంది. అది కింది సగం, అంటే ఎదురు దిశ. కుడి చానెల్ మూసేసి ఎడమది ఒక్కటే వింటే సరి.

దీనికి తలకిందులు కష్టం. క్వార్టర్ ట్రాక్ టేపును హాఫ్ ట్రాక్ మిషను మీద వేస్తే పై సగం హెడ్డు 1, 2 దారుల్ని కలిపి చదివేస్తుంది. ముందుకు వెళ్లే పాట, వెనక్కి వెళ్లే పాట కలగాపులగం. ఏ బటను నొక్కినా విడదీయలేరు, క్వార్టర్ ట్రాక్ హెడ్డున్న మిషను సంపాదించుకోవాలి. ఎడమలో ఒక ఉపన్యాసం, కుడిలో వేరే ఉపన్యాసం, రెండూ ముందుకే వస్తుంటే అది నాలుగు ట్రాకుల మోనో. యూరప్‌లో టేపు ఖర్చు తగ్గించుకోవడానికి నాలుగు దారుల్లో నాలుగు వేర్వేరు రికార్డింగులు పెట్టుకునేవారు.

పాట కింద పాట వినిపించడానికి కారణాలు రెండు. హాఫ్ ట్రాక్ టేపును క్వార్టర్ ట్రాక్ మిషను మీద మళ్లీ రికార్డు చేస్తే, దారుల మధ్య సందుల్లో పాత రికార్డింగు చెరగకుండా మిగిలిపోతుంది. ఆ టేపును ఆ తర్వాత హాఫ్ ట్రాక్ హెడ్డు మీద వేస్తే రెండూ వస్తాయి. లేదా చెరిపే హెడ్డుకు కరెంటే అందడం లేదు. దాని సంగతి కొంచెం కింద.

బడిలో రెండు ట్రాకులు ఏం చేశాయి

అమెరికాలో 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం తర్వాత విదేశీ భాషల బోధనకు ప్రభుత్వ డబ్బు వచ్చి, భాషా ప్రయోగశాలలు బడి బడికీ పాకాయి. సరిగ్గా అదే ఏడాది హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ మొదలైంది, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ). రెంటికీ సంబంధం లేదు కానీ, విని పలికి దిద్దుకుంటేనే భాష వస్తుందన్న నమ్మకం అప్పుడు రెండుచోట్లా గాలిలో ఉంది.

ప్రయోగశాల టేపు రికార్డరు కిటుకు ట్రాకుల్లోనే ఉంది. పై ట్రాకులో ఉపాధ్యాయుడి వాక్యం, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో విద్యార్థి పలికింది కింది ట్రాకులో అదే దిశలో పడుతుంది. విద్యార్థి తన ట్రాకును ఎన్నిసార్లయినా చెరిపి పలకొచ్చు, ఉపాధ్యాయుడి ట్రాకు మీద చెరిపే హెడ్డు పనిచేయదు. తర్వాత రెండూ కలిపి వింటే తన గొంతు, గురువు గొంతు పక్కపక్కన. అలాంటి టేపును మామూలు మిషను మీద తిరగేసి వేస్తే విద్యార్థి మాట వెనక్కి వస్తుంది. ఎవరూ పాడుచేయలేదు, అది రెండు ట్రాకులూ ఒకే దిశలో పోయే టేపు.

తరగతికి వాడేవాళ్లు ఇంకో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. క్యాసెట్‌కు ఉన్నట్టు విరిచేసే పలక స్పూలుకు ఉండదు. రికార్డు మీట పొరపాటున పడితే పాఠం పోయినట్టే. మూడంకెల కౌంటరు చూపించేది నిమిషాలు కాదు, స్పూలు తిరిగిన లెక్క. ఒక మిషను మీద 142 దగ్గరున్న పాఠం ఇంకో మిషను మీద 142 దగ్గర ఉండదు. పాఠానికీ పాఠానికీ మధ్య రంగు లీడర్ టేపు (రికార్డు పడని ఖాళీ టేపు) అతికిస్తే కంటికే కనిపిస్తుంది.

ప్లగ్గులో పెట్టే ముందు

ఏళ్లుగా మూలపడ్డ వాల్వు మిషనును నేరుగా ప్లగ్గులో పెట్టడం కంటే చెడ్డపని లేదు. వెనకనున్న వోల్టేజి సెలెక్టరు 220 లేదా 240 దగ్గర ఉందో లేదో చూడండి. ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డులో (బల్బు గుండానే కరెంటు మిషనుకు పోయే బోర్డు) 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి, దాని గుండా కరెంటు ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉంది. లోపల 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో నిలబడుతుంది. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును కండెన్సరు రెండు కాళ్ల మధ్య కొన్ని సెకన్లు పట్టుకుని, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.

ముందుగా మార్చాల్సింది అవుట్‌పుట్ వాల్వు (స్పీకర్ను నడిపేది) గ్రిడ్డుకు వెళ్లే కాగితపు కండెన్సరు. అది లీకయితే వాల్వు ఎర్రగా కాలి, దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. విలువ అదే ఉంచి 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సరు వేయండి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట ఇవి చిల్లర ఖర్చు. గ్రుండిగ్ టీకే మిషన్లలో బి250 సి75 అని రాసిన చదునైన సెలీనియం రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) ఉంటుంది. అది పోతే కుళ్లిన కంపు వస్తుంది, కిటికీలు తెరవండి. బదులు నాలుగు 1ఎన్4007 డయోడ్లు బ్రిడ్జిగా వేయొచ్చు. సిలికాన్‌లో పోయే వోల్టేజి తక్కువ, బయటికి ఎక్కువ వస్తుంది కాబట్టి 47 నుంచి 100 ఓముల మధ్య 5 వాట్ల రెసిస్టరు సిరీస్‌లో పెట్టి, సర్క్యూటు బొమ్మలో ఇచ్చిన వోల్టేజికి తేవాలి.

ప్లే బాగుండి రికార్డు మాత్రం చెడితే బయస్ ఆసిలేటరును చూడాలి. మాటను నేరుగా టేపు మీదకు పంపితే మోత, వక్రీకరణ ఎక్కువ. 1940లో జర్మన్ రేడియోలో వాల్టర్ వెబర్ దానికి చెవికి అందని హై ఫ్రీక్వెన్సీ కరెంటు కలిపితే శబ్దం ఎంత శుభ్రపడుతుందో గమనించాడు. ఈ కరెంటే బయస్, దాన్ని పుట్టించేదే ఆసిలేటరు. ఇంటి మిషన్లలో ఇది 40 వేల హెర్ట్జ్ పైన ఉంటుంది, చెరిపే హెడ్డుకూ అదే పోతుంది. ఖర్చు తగ్గించడానికి చాలా మిషన్లలో ప్లేలో స్పీకర్ను నడిపే వాల్వే రికార్డులో ఆసిలేటరవుతుంది. ఆ మార్పు చేసేది పొడవాటి స్లైడ్ స్విచ్చి. దాని కాంటాక్టులకు చిలుము పడితే బయస్ ఆగిపోతుంది: పాతది చెరగదు, కొత్తది బొంగురుగా పడుతుంది. హెడ్డు కొనేముందు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి స్విచ్చిని ముప్పైసార్లు అటూ ఇటూ ఆడించండి.

రబ్బరు, బురద, మందమైన శబ్దం

బెల్టులు కొన్ని గట్టిపడతాయి, కొన్ని కరిగి తారు అవుతాయి. తారైనదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గ్లవుజులు వేసుకుని తుడవాలి, బట్టకంటితే పోదు. కొత్త బెల్టు కొలతకు పుల్లీల చుట్టూ దారం చుట్టి, వచ్చిన పొడవుకు 5 నుంచి 8 శాతం తక్కువది తెప్పించండి. ఐడ్లర్ చక్రం (మోటారు తిప్పుడును అందించే రబ్బరు చక్రం) అంచు అద్దంలా నున్నబడితే 400 నంబరు గరుకు కాగితంతో ఒక్క పొర తీసి సబ్బునీళ్లతో కడగండి. ప్లే మీట నొక్కి ఉంచి ప్లగ్గు తీసేసే అలవాటు మిషనుకు చేటు. టేపును అదిమి లాగే పించ్ రోలర్ రబ్బరులో గుంత పడి, తర్వాత ప్రతి చుట్టుకూ గొంతు వణుకుతుంది. బేరింగుకు కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. కొబ్బరినూనె గడ్డకడుతుంది.

శబ్దం దుప్పటి కప్పినట్టుంటే హెడ్డు మీద గోధుమరంగు మట్టి చూడండి. పత్తికి ఆల్కహాల్ అద్ది తుడవడం. తర్వాత టేపును హెడ్డుకు అదిమే ఫెల్ట్ దిండు ఊడిందేమో. ఈ రెండూ సరిగ్గా ఉంటే హెడ్డు నిలువుకోణం, అజిముత్. ఇది ఎంత సున్నితమంటే, రెండు మిల్లీమీటర్ల హాఫ్ ట్రాక్ మీద 3¾ వేగంలో కోణం డిగ్రీలో పావు వంతు కొంచెం దాటి తప్పితే 10,000 హెర్ట్జ్ పూర్తిగా మాయమవుతుంది. క్వార్టర్ ట్రాక్ సన్నం కాబట్టి దానికి అర డిగ్రీ దాకా ఓర్పుంది. హెడ్డు పక్క స్క్రూ మొదటి స్థానం గుర్తుపెట్టుకుని, మాట వింటూ స, శలు ఎక్కడ తీక్ష్ణంగా పలుకుతాయో అక్కడ ఆపండి. ఇది మిషనుకు కాదు, ఆ టేపుకు. వేరే మిషను మీద రికార్డయిన టేపుకు మళ్లీ తిప్పుకోవాలి.

టేపే పాతదైతే

స్పూలును వెలుతురుకు ఎదురుగా అంచునుంచి చూడండి. వెలుగు దూరి కనిపిస్తే టేపు ప్లాస్టిక్ అసిటేట్, నల్లగా అడ్డుకుంటే పాలియెస్టర్. అసిటేట్ పుటుక్కున తెగుతుంది, కానీ శుభ్రంగా తెగుతుంది కాబట్టి అతికిస్తే అక్షరం కూడా పోదు. పాలియెస్టర్ సాగుతుంది, సాగిన ముక్క ఇక తిరిగి రాదు. అతుకు 45 డిగ్రీల కోతతో, స్ప్లైసింగ్ టేపుతో, వెనకవైపే వేయాలి. సెల్లోటేపు వేస్తే జిగురు కారి పక్క చుట్లను అంటించేస్తుంది.

ఆంపెక్స్ 406, 456 లాంటి వెనక పూత ఉన్న స్టూడియో టేపులు తేమ పీల్చి జిగటవుతాయి, హెడ్డు దగ్గర కీచుమని ఆగిపోతాయి. వాటిని సుమారు 54 డిగ్రీల సెల్సియస్‌లో 8 గంటలు ఆరబెడితే కొన్ని వారాలపాటు ఆడతాయి. ఉష్ణోగ్రతను కచ్చితంగా నిలిపే పరికరంలోనే చేయాలి, వంట ఓవెన్‌లో కాదు. అసిటేట్‌ను ఎన్నడూ వేడి చేయకూడదు. కోస్తా ఇళ్లలో ఎక్కువగా కనిపించేది బూజు. తెల్లగా పొడి కనిపించే టేపును ఆడించొద్దు. సిలికా జెల్ వేసిన మూతడబ్బాలో కొన్నాళ్లు ఆరనిచ్చి, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తని బట్ట మధ్యనుంచి నెమ్మదిగా చుట్టాలి.

కంప్యూటర్‌లోకి

యూరప్ మిషను వెనక అయిదు కాళ్ల డిన్ సాకెట్ ఉంటుంది. 3, 5 నంబర్లు ప్లే అవుట్‌పుట్, 1, 4 రికార్డు ఇన్‌పుట్, 2 ఎర్త్. కాళ్ల వరస 1, 4, 2, 5, 3 కాబట్టి లెక్కపెట్టి టంకం వేయకుండా నంబరు చదివి వేయండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు ఇంటి రికార్డింగుకు ఎక్కువే గాని తక్కువ కాదు.

ఇక్కడ ఆ తిరగబడ్డ కుడి చానెలే పనికొస్తుంది. రెండువైపులా నిండిన హాఫ్ ట్రాక్ మోనో టేపును క్వార్టర్ ట్రాక్ స్టీరియో మిషను మీద ఒక్కసారి ఆడించి, కుడి చానెల్‌ను ఎడిటర్‌లో తిరగేస్తే రెండు వైపులూ ఒకేసారి వచ్చేస్తాయి. బలహీనమైన టేపుకు ఒక ప్రయాణం తప్పుతుంది. ఆడించాక వేగంగా వెనక్కి చుట్టకండి. చివర బయటకు ఉండేలా అలాగే నిలబెట్టి దాచండి. పొర నుంచి పొరకు దిగే ప్రతిధ్వని అప్పుడు మాటకు ముందు కాకుండా మాట తర్వాత పడి, దానిలో కలిసిపోతుంది. డబ్బా మీద వేగం, ట్రాకులు, ఏ దేశపు మిషను మీద రికార్డయిందో, చివర బయటికుందన్న మాట పెన్సిలుతో రాసిపెట్టండి.